పక్షవాత రోగికి ఇంటివద్ద సంరక్షణ

పక్షవాతానికి ఆసుపత్రిలో చికిత్స పొంది ఇంటికి చేరిన వ్యక్తికి కుటుంబ సభ్యులు చేసే దైనందిన పరిచర్యను పక్షవాత రోగి గృహ సంరక్షణ అంటారు. ఆసుపత్రిలో రోగి గడిపే కాలం కొద్ది రోజులే. కోలుకొనే కాలం మాత్రం నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు. ఈ కాలమంతా తిండి, మందులు, స్నానం, నడక, మాట మొదలైన వాటి భారం చాలా ఇళ్ళలో భార్య మీద గాని, భర్త మీద గాని పడుతుంది. వ్యాయామం చేయించడమే గృహ సంరక్షణ అన్న అభిప్రాయం ప్రజలలో ఉన్నది. కాని ఆహారం ఊపిరితిత్తులలోకి పోకుండా చూడడం, పడక పుండ్లు రాకుండా కాపాడడం, పడిపోకుండా జాగ్రత్త పడడం, రెండవసారి పక్షవాతం రాకుండా మందులు సక్రమంగా వాడించడం, సంరక్షకుల ఆరోగ్యం దెబ్బతినకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యమైనవి. ఈ వ్యాసంలో స్థానిక సౌకర్యాలకు ఉదాహరణగా హైదరాబాదు దక్షిణ శివార్లలోని హిమాయత్ సాగర్, శంషాబాదు ప్రాంతాన్ని తీసుకోవడం జరిగింది.

పేరు, వ్యాధి స్వరూపం

సంస్కృతంలో పక్షము అనగా ఒక ప్రక్క. శరీరంలో ఒక ప్రక్క చచ్చుబడే వాతరోగంగా ఆయుర్వేదం దీనిని భావించడం వలన పక్షవాతం అనే పేరు వచ్చింది. పక్షాఘాతం అనే పేరు కూడా వాడుకలో ఉన్నది. పల్లెలలో "కాలూ చెయ్యీ పడిపోయింది" అంటారు. హైదరాబాదు ప్రాంతపు ఉర్దూలో దీనిని ఫాలిజ్ అని, మూతి వంకరపోవడాన్ని లక్వా అని వ్యవహరిస్తారు.

వ్యాధి లక్షణాలు కాలుసేతులలో కనిపించినా దెబ్బ తినేది మెదడు. మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనిలో గడ్డ అడ్డుపడడం వలన గాని, రక్తనాళం చిట్లడం వలన గాని ఇది కలుగుతుంది. మొదటి రకమే ఎక్కువ మందిలో కనిపిస్తుంది. మెదడు కుడి భాగం దెబ్బతింటే శరీరపు ఎడమ ప్రక్క, ఎడమ భాగం దెబ్బతింటే కుడి ప్రక్క బలహీనపడతాయి. మాటకు సంబంధించిన కేంద్రాలు చాలా మందిలో ఎడమ భాగంలో ఉంటాయి. కాబట్టి కుడి ప్రక్క చచ్చుబడిన వారిలో మాట పోవడం తరచుగా చూస్తాము. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు తమ ఆసుపత్రికి వచ్చిన పక్షవాత రోగుల వివరాలను నమోదు చేసి 2002లో ప్రచురించారు. పుర్రె లోపలి ధమనులలో ఏర్పడే పూడిక ఇక్కడి రోగులలో ఒక ముఖ్య కారణమని ఆ అధ్యయనం తెలిపింది.

కోలుకోవడం మొదటి మూడు నెలలలో వేగంగా ఉంటుంది. ఆ తరువాత వేగం తగ్గినా పూర్తిగా ఆగిపోదు. దెబ్బతినని మెదడు భాగాలు కొత్త పనులను నేర్చుకోవడం ఇందుకు ఒక కారణం. ఈ నేర్పు మళ్ళీ మళ్ళీ చేసే అభ్యాసం వలననే వస్తుంది.

హిమాయత్ సాగర్ పరిసరాలు

1908 నాటి మూసీ వరదల అనంతరం నగర రక్షణకు, తాగునీటికి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అనే రెండు జలాశయాలను నిర్మించారు. ఈసీ నదిపై కట్టిన హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. ఏడవ నిజాం కుమారుడైన హిమాయత్ అలీ ఖాన్ పేరు దీనికి పెట్టారు. జలాశయాల రక్షణ కొరకు 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. అందువలన పెద్ద నగరం ప్రక్కనే ఉన్నా ఈ పల్లెలు చాలా కాలం పల్లెలుగానే ఉండిపోయాయి. 2022లో మరొక ఉత్తర్వు ద్వారా ఈ ఆంక్షలను సడలించారు. 2008 మార్చిలో శంషాబాదు వద్ద రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైనది. 2009 అక్టోబరులో ఆరాంఘర్ నుండి మెహదీపట్నం వరకు సుమారు 11.6 కిలోమీటర్ల పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే అందుబాటులోకి వచ్చింది.

పక్షవాత రోగి ఉన్న ఇంటికి ఈ దూరాలు ముఖ్యమైనవి. నరాల వ్యాధులకు పేరొందిన నిజామ్స్ సంస్థ పంజగుట్టలోను, ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజ్ ప్రాంతంలోను ఉన్నాయి. నడవలేని మనిషిని ప్రతి వారం అంత దూరం తీసుకుపోవడం ఖర్చుతోను, శ్రమతోను కూడిన పని. కాబట్టి నిపుణుని దర్శనానికి నగరానికి వెళ్ళి, రక్తపోటు పరీక్ష, మందులు, పుండ్ల కట్లు వంటి వాటికి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని లేదా బస్తీ దవాఖానాను వాడుకోవడం అనుకూలంగా ఉంటుంది. భారీ వర్షాలకు హిమాయత్ సాగర్ నిండి గేట్లు ఎత్తినపుడు దిగువనున్న కొన్ని దారులను మూసివేయడం జరుగుతుంది. వానాకాలంలో కనీసం రెండు వారాలకు సరిపడు మందులు ఇంటిలో ఉంచుకోవడం, ఆసుపత్రికి వేరొక దారి తెలుసుకొని ఉండడం అవసరం.

ఇంటికి తెచ్చే ముందు

ఆసుపత్రి నుండి పంపించే రోజు హడావుడిగా ఉంటుంది. ఆ రోజుకు ముందే సంరక్షకులు కొన్ని పనులను నర్సు, ఫిజియోథెరపిస్టుల ఎదుట స్వయంగా చేసి చూపడం మంచిది. చూసినంత మాత్రాన చేతనైనట్లు కాదు. ముఖ్యంగా నేర్చుకోవలసినవి:

* రోగిని పడకలో ప్రక్కకు తిప్పడం, కూర్చోబెట్టడం, కుర్చీలోకి మార్చడం.
* మింగే శక్తిని పరీక్షించారా, ఏ రకమైన ఆహారం పెట్టవచ్చు అనే విషయం.
* ముక్కు గొట్టం గాని, మూత్రపు గొట్టం గాని ఉంటే వాటి సంరక్షణ, మార్చవలసిన తేదీ.
* ఏ మందు ఎందుకు, ఎన్ని రోజులు అనే వివరం.
* వచ్చినది గడ్డ వలన కలిగిన పక్షవాతమా, రక్తస్రావం వలన కలిగినదా అనే విషయం. రెండింటి మందులు వేరు.

పడక, శరీర స్థితి

తనంతట తాను కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి ఒక ప్రక్క నుండి మరొక ప్రక్కకు తిప్పాలి. లేనిచో పిరుదులు, నడుము క్రింది ఎముక, మడమలు, తుంటి వద్ద చర్మానికి రక్తం అందక పుండ్లు పడతాయి. ఒత్తినా తెల్లబడని ఎరుపు గాని, నల్లని చర్మం గలవారిలో చుట్టుప్రక్కల కన్న ముదురైన మచ్చ గాని కనిపిస్తే అది పుండుకు మొదటి గుర్తు. ఆ భాగంపై మళ్ళీ బరువు పడనీయరాదు, మర్దన చేయరాదు. పక్క బట్టలు ముడతలు లేకుండా, పొడిగా ఉండాలి. రోగిని తిప్పేటప్పుడు ఈడ్వక, కొద్దిగా ఎత్తి జరపాలి.

నులక మంచం, నవారు మంచం నడుమ కుంగి ఉండడం వలన రోగి లేవడం కష్టమౌతుంది. గట్టి పరుపు గల, మోకాలి ఎత్తు మంచం మేలు. మంచానికి రెండు ప్రక్కల నుండి చేరే వీలుండాలి.

చచ్చుబడిన భుజానికి ప్రత్యేక జాగ్రత్త అవసరం. భుజపు కీలును పట్టి ఉంచే కండరాలు వదులు కావడం వలన చేయి బరువుకే కీలు జారవచ్చు. రోగిని లేపడానికి ఆ చేతిని పట్టి లాగడం, చంక క్రింద చేతులు వేసి ఎత్తడం భుజం నొప్పికి సాధారణ కారణాలు. పడుకున్నపుడు, కూర్చున్నపుడు ఆ చేతి క్రింద దిండు ఉంచాలి. ఆ ప్రక్కకు తిరిగి పడుకోవచ్చు. అయితే భుజం శరీరం క్రింద నలగకుండా కొద్దిగా ముందుకు తీసి ఉంచాలి.

మింగుట, ఆహారం

పక్షవాతం వచ్చిన కొత్తలో చాలా మందికి మింగడం కష్టమౌతుంది. ఆహారం గాని, ఉమ్మి గాని ఊపిరితిత్తులలోకి పోతే న్యుమోనియా వస్తుంది. పక్షవాతం తరువాత సంభవించే మరణాలకు ఇది ఒక ప్రధాన కారణం. తినేటప్పుడు పొలమారడం, దగ్గు, తిన్న తరువాత గొంతు గురగురలాడడం, బుగ్గలో అన్నం మిగిలిపోవడం ప్రమాద సూచనలు. కొందరికి ఆహారం ఊపిరితిత్తులలోకి పోయినా దగ్గు రాదు. కాబట్టి దగ్గు లేదని ధైర్యపడడం సరికాదు.

భోజనం పెట్టేటప్పుడు పాటించవలసిన నియమాలు ఇవి:

* రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. తిన్న తరువాత అరగంట వరకు పడుకోబెట్టరాదు.
* చిన్న చెంచాతో, బలమైన ప్రక్కన పెట్టాలి. ఒక ముద్ద మింగినది చూసిన తరువాతనే మరొక ముద్ద పెట్టాలి.
* తినే సమయంలో మాట్లాడించరాదు. నిద్రమత్తులో ఉన్నపుడు తినిపించరాదు.
* భోజనం కాగానే నోరు శుభ్రం చేయాలి. నోటిలోని సూక్ష్మజీవులే న్యుమోనియాకు దారితీస్తాయి.

నీళ్ళు సులువుగా మింగవచ్చునని అనుకుంటారు. నిజానికి పలుచని ద్రవాలే తొందరగా జారి శ్వాసనాళంలోకి పోతాయి. చారు అన్నం, పలుచని మజ్జిగ అన్నం వంటి వాటిలో మెతుకులు, ద్రవం వేరువేరుగా కదలడం వలన మింగడం ఇంకా కష్టం. మెత్తగా మెదిపిన పప్పన్నం, చిక్కని పెరుగన్నం, ఒకే తీరుగా ఉడికిన ఉప్మా వంటివి ఇంతకన్న సురక్షితం. రాగి జావను తగినంత చిక్కగా కాయవచ్చు. మధుమేహం గలవారికి దాని పరిమాణాన్ని లెక్కలో ఉంచుకోవాలి. నీరు మానిపించరాదు, వేసవిలో ఒంట్లో నీరు తగ్గిపోవడం ప్రమాదకరం. అవసరమైతే వైద్యుని సలహాపై నీటిని చిక్కబరచే పొడిని వాడతారు.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆవకాయ, ఇతర ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలలో ఉప్పు అధికంగా ఉంటుంది. రోగికి విడిగా వండడం కంటే ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించి వండడం సులువు. భార్యాభర్తలు ఒకే తిండి తింటూ వచ్చినవారు కాబట్టి సంరక్షకులకు కూడా రక్తపోటు ఉండే అవకాశం ఉన్నది.

లేవడం, నడక

రోగిని మంచం నుండి కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని బలమైన ప్రక్కన ఉంచాలి. రోగి పాదాలు నేలకు ఆనించి, నడుము ముందుకు వంచి, "ఒకటి, రెండు, మూడు" అంటూ ఇద్దరూ ఒకేసారి లేవాలి. సంరక్షకులు తమ మోకాళ్ళు వంచి, రోగి నడుము వద్ద పట్టుకోవాలి. నడుముకు గట్టి బెల్టు కడితే పట్టు దొరుకుతుంది. రోగి చేతులు సంరక్షకుల మెడ చుట్టూ వేయించడం ఇద్దరికీ ప్రమాదం.

చేతికర్రను బలమైన చేతితో పట్టుకోవాలి. నడిపించేవారు బలహీనమైన ప్రక్కన, కొద్దిగా వెనుకగా నిలవాలి. మెట్లు ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయాలి.

రోగి చేయగల పనిని తామే చేసిపెట్టడం భార్యాభర్తలు ప్రేమతో చేసే పొరపాటు. బొత్తాము పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టినా అది వ్యాయామమే. బలహీనమైన చేతిని వాడకుండా వదిలివేస్తే మెదడు దానిని మరచిపోతుంది. బలమైన చేతిని కట్టివేసి బలహీనమైన చేతితోనే పనులు చేయించే పద్ధతి, ఆ చేతిలో కొంత కదలిక మిగిలి ఉన్నవారికి మేలు చేస్తుందని అమెరికాలో 222 మందిపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధన చూపింది. దీనిని ఫిజియోథెరపిస్టు సలహాతోనే చేయాలి.

ఎంత తొందరగా, ఎంత ఎక్కువగా చేయిస్తే అంత మంచిదనే నమ్మకం కూడా సరికాదు. 2015లో ప్రచురితమైన, 2,104 మంది రోగులపై ఐదు దేశాలలో జరిగిన ఒక అధ్యయనంలో, వ్యాధి వచ్చిన 24 గంటలలోపే అధికంగా లేపి నడిపించినవారు మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారి కంటే తక్కువగా కోలుకున్నారు.

ఇంటిలో మార్పులు

పాత ఇళ్ళలో ఎత్తైన గడపలు, నున్నని బండలు, వెలుపల ఉండే మరుగుదొడ్లు రోగి పడిపోవడానికి కారణమౌతాయి. గడప వద్ద చిన్న వాలుబల్ల, గోడలకు పట్టుకొనే కడ్డీలు, రాత్రి వెలుగు ఏర్పాటు చేయాలి. గోనెపట్టాలు, జారే చాపలు తీసివేయాలి. నేలబారు మరుగుదొడ్డిపై ఉంచే కమోడ్ కుర్చీ మందుల దుకాణాలలో దొరుకుతుంది. కొనే ముందు కాళ్ళకు రబ్బరు తొడుగులు ఉన్నవో లేవో చూడాలి.

స్నానం, దుస్తులు, విసర్జన

స్నానం కూర్చోబెట్టి చేయించాలి. చచ్చుబడిన ప్రక్క స్పర్శ తగ్గి ఉండవచ్చు. కాబట్టి నీటి వేడిని బలమైన చేతితో గాని, సంరక్షకుల చేతితో గాని చూడాలి. వేడినీళ్ళ సంచి, కాచిన నూనె, ఇసుక కాపడం వలన రోగికి తెలియకుండానే ఒళ్ళు కాలవచ్చు.

దుస్తులు తొడిగేటప్పుడు బలహీనమైన చేయి ముందు, విడిచేటప్పుడు చివర అనే నియమం పాటించాలి. పంచె, లుంగీ, చీర కుచ్చిళ్ళు కాలికి తట్టుకుంటాయి. సాగే నాడా గల పైజామా, ముందు తెరచుకొనే నైటీ అనుకూలం. చీర కట్టుకొనడం ఒక స్త్రీకి గౌరవానికి సంబంధించిన విషయమైతే, కుట్టించిన కుచ్చిళ్ళతో సిద్ధం చేసిన చీరను వాడవచ్చు.

మూత్రానికి రెండు మూడు గంటలకొకసారి తీసుకువెళ్ళే అలవాటు చేస్తే చాలా మందిలో అదుపు తిరిగి వస్తుంది. గొట్టం ఉన్నవారిలో సంచి ఎల్లప్పుడూ పొత్తికడుపు కంటే క్రిందుగా ఉండాలి. జ్వరం, చలి, మూత్రం చిక్కబడడం ఇన్ఫెక్షన్ లక్షణాలు. మలబద్ధకాన్ని నీరు, పీచు పదార్థాలు, కదలికలతో నివారించాలి.

మాట, ద్విభాషలు

పక్షవాతంలో మాట రెండు విధాలుగా దెబ్బతింటుంది. ఒకటి నోటి కండరాలు బలహీనపడి ముద్దమాట రావడం. రెండవది భాషాశక్తి దెబ్బతిని పదం దొరకకపోవడం లేదా ఎదుటివారి మాట అర్థం కాకపోవడం. రెండవ స్థితిలో ఉన్న వ్యక్తికి తెలివి పోలేదు. చెవుడు కూడా కాదు. కాబట్టి గట్టిగా అరవడం, చిన్నపిల్లలతో మాట్లాడినట్లు మాట్లాడడం, అతని ఎదుటే అతని గురించి ఇతరులతో చెప్పడం బాధ కలిగిస్తాయి. చిన్న వాక్యాలు వాడడం, అవును-కాదు అని చెప్పగల ప్రశ్నలు వేయడం, సైగలు, బొమ్మలు వాడడం, సమాధానానికి తగిన వ్యవధి ఇవ్వడం చేయాలి. మాట రానివారిలో కొందరు పాటను గాని, బాగా అలవాటైన శ్లోకాన్ని, ప్రార్థనను గాని అనగలుగుతారు.

తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసి వినిపించే హైదరాబాదు ఈ విషయంలో ఒక ముఖ్య పరిశోధనకు వేదికయింది. నిజామ్స్ సంస్థలో నమోదైన 608 మంది పక్షవాత రోగులను పరిశీలించిన వైద్యురాలు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 2016లో ఫలితాలు ప్రచురించారు. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి పక్షవాతం తరువాత జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మామూలుగా ఉండగా, ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. భాషాశక్తి పోయినవారి నిష్పత్తిలో మాత్రం తేడా కనబడలేదు. రెండు భాషలు వచ్చిన రోగి ఒక భాషలో పదం దొరకక మరొక భాషలో చెప్తే సరిదిద్దనవసరం లేదు. ఏ భాషలో వచ్చినా ఆ మాటను స్వీకరించాలి.

ప్రక్క మరుపు

ముఖ్యంగా మెదడు కుడి భాగం దెబ్బతిన్నపుడు కొందరు ఎడమ ప్రక్కను గమనించడం మానివేస్తారు. కంచంలో ఎడమ సగం అన్నం వదిలివేయడం, ఎడమ చెంప గడ్డం గీసుకోకపోవడం, ఎడమ భుజం తలుపుకు తగలడం దీని లక్షణాలు. ఇది మొండితనం కాదు, మతిమరుపు కాదు. ఎడమ ప్రక్క నుండి పలకరిస్తూ, ఆ ప్రక్కకు చూడమని గుర్తు చేస్తూ ఉండాలి.

మనసు, దాంపత్యం

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి కుంగుబాటు కలుగుతుంది. ఎప్పుడూ ఏడవడం, అన్నం వద్దనడం, వ్యాయామానికి రాననడం, నిద్ర లేకపోవడం దీని గుర్తులు. దీనికి మందులు ఉన్నాయి. కొందరు కారణం లేకుండా ఏడవడం, నవ్వడం చేస్తారు. ఇది మెదడు దెబ్బతినడం వలన కలిగే మరొక లక్షణం.

వ్యాధి వలన దంపతుల స్థానాలు తారుమారౌతాయి. ఇంటి లెక్కలు చూసే భర్త స్నానానికి భార్యపై ఆధారపడతాడు. వంట చేసే భార్య పడకలో ఉండగా వంట తెలియని భర్త జావ కాయవలసి వస్తుంది. కోపం, సిగ్గు, అపరాధ భావం ఇద్దరిలోనూ కలుగుతాయి. రోగితో ఇంటి విషయాలు చర్చించడం, నిర్ణయాలలో వారి మాట తీసుకోవడం, ఏదో ఒక చిన్న బాధ్యతను వారికే వదలడం వలన రోగి మళ్ళీ భార్యగా, భర్తగా తన స్థానం పొందుతారు. శారీరక సంబంధం వలన మళ్ళీ పక్షవాతం వస్తుందనే భయం చాలా మందిలో ఉన్నది. రక్తపోటు అదుపులో ఉండి ఆరోగ్యం స్థిరపడిన తరువాత సాధారణంగా ప్రమాదం ఉండదు. ఈ విషయాన్ని వైద్యుని అడగడానికి సంకోచించనవసరం లేదు.

మందులు, రెండవ దాడి నివారణ

ఒకసారి పక్షవాతం వచ్చినవారికి మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ. రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్, పొగాకు, మద్యం ప్రధాన కారణాలు. రక్తపోటు సాధారణంగా 130/80 లోపు ఉండేటట్లు చూస్తారు. గడ్డ వలన వచ్చినవారికి ఆస్పిరిన్ వంటి మందులు, కొలెస్టరాల్ తగ్గించే మందులు ఇస్తారు. గుండె లయ తప్పినవారికి రక్తం గడ్డకట్టకుండా వేరే మందులు ఇస్తారు. వారఫరిన్ వాడేవారు క్రమంగా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆకుకూరలను ఒక వారం ఎక్కువగా, మరొక వారం అసలే లేకుండా కాక సమంగా తినాలి.

రక్తపోటు "నార్మల్‌కు వచ్చింది" అని మాత్రలు ఆపివేయడం తరచుగా జరిగే పొరపాటు. మాత్రల వలననే అది అదుపులో ఉన్నదని గ్రహించాలి. పొరుగువారి మందులు వాడడం మరింత ప్రమాదం. గడ్డ కరిగించే ఉద్దేశంతో ఇచ్చే మందు రక్తస్రావం జరిగినవారికి హాని చేయవచ్చు. 2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ మొదటి ఐదు రాష్ట్రాలలో ఒకటి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు మాత్రలు ఉచితంగా లభిస్తాయి.

మూతి ఒక ప్రక్కకు పోవడం, చేయి ఎత్తితే జారిపోవడం, మాట తడబడడం, చూపు పోవడం, నిలబడలేక తూలడం అకస్మాత్తుగా కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ సేవ 2005 ఆగష్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైనది. గడ్డను కరిగించే సూదిమందు నాలుగున్నర గంటలలోపే పనిచేస్తుంది. ఈ వ్యవధిని రోగి బాగుండగా చివరిసారి చూసిన సమయం నుండి లెక్కిస్తారు. ఆ సమయాన్ని వైద్యునికి చెప్పడం సంరక్షకులు చేయగల అతి ముఖ్యమైన సహాయం. ఆ సమయంలో నోటిలో నీళ్ళు, మాత్రలు వేయరాదు. స్కానింగు చూడకుండా ఆస్పిరిన్ ఇవ్వరాదు.

కుటుంబ శిక్షణపై పరిశోధనలు

ఫిజియోథెరపిస్టులు తక్కువగా ఉన్న దేశాలలో కుటుంబ సభ్యులకే శిక్షణ ఇస్తే సరిపోతుందా అనే ప్రశ్నపై అనేక పరిశోధనలు జరిగాయి. 2004లో బ్రిటన్‌లో 300 మంది రోగులపై ప్రచురితమైన అధ్యయనంలో సంరక్షకులకు శిక్షణ ఇచ్చినందువలన ఖర్చు, సంరక్షకుల భారం తగ్గాయి. అదే దేశంలో 928 మంది రోగులపై జరిగి 2013లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో అటువంటి ప్రయోజనం కనబడలేదు.

భారతదేశంలో 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులపై "అటెండ్" అనే పరిశోధన జరిగింది. ఒక వర్గంలో కుటుంబ సభ్యునికి ఆసుపత్రిలోను, ఆ తరువాత ఇంటివద్దను వ్యాయామాలు చేయించడంలో శిక్షణ ఇచ్చారు. రెండవ వర్గానికి మామూలు చికిత్స అందింది. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆరు నెలల తరువాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి రెండు వర్గాలలోనూ 47 శాతమే.

ఈ ఫలితాన్ని కుటుంబ సేవ వ్యర్థమని అర్థం చేసుకోరాదు. రెండు వర్గాలలోనూ రోగులను చూసుకున్నది కుటుంబ సభ్యులే. కొద్దిపాటి శిక్షణతో భార్య గాని, భర్త గాని నిపుణుల బృందానికి ప్రత్యామ్నాయం కాలేరని మాత్రమే అది చెప్తున్నది. రోగి ఆశించినంతగా కోలుకోకపోతే "నేను సరిగ్గా చేయించలేదు" అని సంరక్షకులు తమను నిందించుకోవడానికి గాని, బంధువులు వారిని నిందించడానికి గాని ఆధారం లేదు. కోలుకోవడం ప్రధానంగా మెదడులో జరిగిన నష్టపు పరిమాణంపై, స్థానంపై ఆధారపడి ఉంటుంది.

సంరక్షకుల ఆరోగ్యం

రాత్రి రెండు గంటలకొకసారి లేచే వ్యక్తికి నిద్ర ఉండదు. బరువు ఎత్తడం వలన నడుము నొప్పి వస్తుంది. తమ మందులు తాము మరచిపోతారు. సంరక్షకులు పడిపోతే ఇంటిలో ఇద్దరు రోగులౌతారు. కాబట్టి వారి రక్తపోటు, మధుమేహం కూడా అదే రోజు పరీక్షించడం, వారంలో కొన్ని గంటలైనా వేరొకరికి బాధ్యత అప్పగించడం సంరక్షణలో భాగమే.

ఇతరుల సహాయం ఎంత ముఖ్యమో అమెరికన్ నటి పెట్రీషియా నీల్ ఉదంతం తెలుపుతుంది. 1965 ఫిబ్రవరిలో మెదడులో రక్తస్రావం వలన ఆమెకు నడక, మాట పోయాయి. భర్త, రచయిత రోల్డ్ డాల్ ఇంగ్లండులోని తమ గ్రామంలో ఇరుగుపొరుగువారిని కూడగట్టి, రోజూ వంతులవారీగా వచ్చి ఆమెతో మాట్లాడించే ఏర్పాటు చేశాడు. అతని పద్ధతి కఠినమైనదని విమర్శలు కూడా వచ్చాయి. ఆమె 1968లో తిరిగి సినిమాలో నటించింది. ఆమెకు నేర్పిన పొరుగింటి స్త్రీ వేలరీ ఈటన్ గ్రిఫిత్ ఈ అనుభవాన్ని 1970లో పుస్తకంగా ప్రచురించింది. బ్రిటన్‌లో స్వచ్ఛంద సేవకుల పథకాలకు అది దారితీసింది.

పల్లెలలో పరామర్శకు వచ్చేవారికి కొదవ ఉండదు. "ఎట్లుండు" అని అడిగి వెళ్ళేవారిని ఒక గంట కూర్చోమనడం, మందులు తెమ్మనడం, రోగితో మాట్లాడమనడం ద్వారా ఆ పరామర్శను సహాయంగా మార్చుకోవచ్చు. పట్టరాని కోపం, నిద్రలేమి, బ్రతుకుపై విరక్తి కలిగితే 14416 నంబరుపై టెలీ మానస్ సేవ ద్వారా ఉచితంగా మాట్లాడవచ్చు. ఇది 2022 అక్టోబరులో ప్రారంభమైనది. వృద్ధులకు 14567 సహాయ కేంద్రం ఉన్నది.

ప్రభుత్వ సహాయం, పత్రాలు

* 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, అధిక సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం కల్పించే పథకాలను ప్రభుత్వాలు రూపొందించాలని పేర్కొన్నది.
* తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2014లో 1,500 రూపాయలతో మొదలై, 2019లో 3,016 రూపాయలు, 2023లో 4,016 రూపాయలు అయింది. దీనికి వైకల్య ధ్రువపత్రం అవసరం.
* ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికి పరిమితమైన వారికి 2024 జూలై నుండి నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయించారు.
* తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.
* మంచాన పడినవారికి ఇంటికి వచ్చి సేవలందించే "ఆలన" అనే ప్రభుత్వ ఉపశమన సంరక్షణ కార్యక్రమం తెలంగాణలో ఉన్నది. రంగారెడ్డి జిల్లాలో దీని కేంద్రం చేవెళ్ళలో ఏర్పడింది.
* సంతకం చేయలేని ఖాతాదారు బ్యాంకులో ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్ర వేసి డబ్బు తీసుకొనే వీలును రిజర్వు బ్యాంకు కల్పించింది.
* పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాన్ని 2014 నుండి డిజిటల్ పద్ధతిలో ఇవ్వవచ్చు.

అపోహలు

పావురపు నెత్తురు పూస్తే చచ్చుబడిన కాలుసేతులు తిరిగి వస్తాయనే నమ్మకం తెలుగు ప్రాంతాలలో ఉన్నది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. మొదటి వారాలలో చాలా మంది సహజంగానే కొంత కోలుకుంటారు. ఆ సమయంలో ఏ నాటుమందు వాడినా దానివలననే నయమైనట్లు కనిపిస్తుంది. నాటువైద్యానికి వెళ్ళేవారు రక్తపోటు, మధుమేహం మాత్రలు ఆపివేయడం వలననే ఎక్కువ హాని జరుగుతుంది. నూనె మర్దన హాయిని ఇవ్వవచ్చు కాని నరాలను బాగుచేయదు. అకస్మాత్తుగా పిక్క వాచి నొప్పి పెడితే మర్దన చేయరాదు. అది కాలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, వెంటనే వైద్యునికి చూపాలి.

గమనిక: ఈ వ్యాసం విజ్ఞానం కొరకు మాత్రమే. చికిత్స విషయంలో వైద్యుని సలహా పాటించాలి.

ఇవి కూడా చూడండి

* పక్షవాతం
* రక్తపోటు
* మెదడు
* ఫిజియోథెరపీ
* హిమాయత్ సాగర్
* శంషాబాదు
* నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ